పటేల్‌ను ప్రేమించిన లెన్సు

ఆటోఫోకస్ ఉంటే కెమెరా అంతా తనే చూసుకుంటుందని మీకెవరైనా చెబితే, ఆ మనిషి కెమెరాలు అమ్మేవాడై ఉంటాడు. వాటితో బతికినవాడైతే కాదు.

నేను పత్రికలో ఫోటోలు తీసి రిటైరైన మనిషిని. పేరు యాదగిరి. ఇల్లు జనగామలో, తిరుగుడు మాత్రం మానుకోట నుంచి భూపాలపల్లి దాకా. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు కొనాలి అని అడుగుతారు. కొన్నదాన్ని ఎట్లా పరీక్షించుకోవాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం నాకు అలవాటు.

నా ప్రమోషన్లు, ఆఫీసు తగాదాలు మీకెందుకూ పనికిరావు. ఒక్క వైడ్ జూమ్ లెన్సు కథ చెబుతాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో ఆ లెన్సు నా పరువు తీసింది. దాన్ని దారికి తెచ్చి, పోయిన పరువును మళ్లీ దానితోనే తెచ్చుకున్నాను. నా ఉద్యోగం మొత్తంలో ఇంతకంటే గొప్పగా చెప్పుకోదగ్గ పని ఇంకొకటి లేదు.

కొలిచేవాడొకడు, కోసేవాడొకడు

ఆటోఫోకస్‌లో ఇద్దరు పనివాళ్లుంటారు. కెమెరా లోపల దూరం కొలిచేవాడొకడు. లెన్సులో మోటారు తిప్పి, చెప్పిన చోట ఆపేవాడు ఇంకొకడు. దర్జీ షాపులో కొలతలు తీసేది ఒకరు, బట్ట కోసేది మరొకరు అయినప్పుడు ఇద్దరూ పనిమంతులే అయినా జాకెట్టు ఒక్కోసారి బిగుతవుతుంది. ఇదీ అంతే. కెమెరా మంచిదే, లెన్సు మంచిదే, రెండింటికీ పొత్తు కుదరదు. అప్పుడు మీరు ఒకరి మీద ఫోకస్ పెడితే అది వెనకవాళ్ల మీదికో, ముందువాళ్ల మీదికో జారుతుంది. మీకు కంటి దగ్గర పెట్టుకున్నప్పుడు ఏమీ తెలియదు. బీప్‌మని మోగుతుంది, అంతా సవ్యంగా ఉందనుకుంటారు.

ఉద్యమం ఊపందుకున్నాక ఆఫీసువాళ్లు నాకొక వైడ్ జూమ్ ఇచ్చారు. వైడ్ లేకుండా ఉద్యమం ఫోటో లేదు. జనం మీదికి తోసుకొస్తుంటారు, వెనక్కి జరగడానికి జాగా ఉండదు. ఈ లెన్సుకు ఒక కొసన రోడ్డు రోడ్డంతా పడుతుంది. రింగు తిప్పి రెండో కొసకు తెస్తే ముందు వరసలోని మొహాలు దగ్గరికొస్తాయి. నాకిష్టమైన ఫోటో ఆ రెండో కొసదే. పొద్దు వాలే వేళ, అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే కంత, పూర్తిగా తెరిచి, ముందు వరస మొహాలు పదునుగా, వెనక జనసముద్రం మెత్తగా ఉండేలా తీయాలి. అట్లా తీయడంలో మా జిల్లాలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. కాదన్నవాడు నా ముందుకు రాలేదు.

మానుకోటలో మసక

మానుకోట రైల్వే స్టేషన్ ముందర సాయంత్రాలు ధర్నాలు జరిగేవి. నెల్లికుదురు వైపు తండాల నుంచి లంబాడా ఆడవాళ్లు గుంపులుగా వచ్చేవారు. వాళ్లకు పెద్దదిక్కు జమ్నక్క. నాకంటే కొంచెం పెద్దది, గొంతు లేపితే స్టేషన్‌లో మైకు వినబడేది కాదు. కూలికి పోవాల్సిన రోజు మానుకుని, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను లేపి, ఆటోల్లో ఇరుక్కుని తెచ్చేది. ఎండ తగ్గకముందే వచ్చి ముందు వరసలో కూర్చునేవాళ్లు.

వాళ్ల వెనక చివరి గడియలో వచ్చి నిలబడేవాడు పటేల్. పేరెందుకులెండి, ఆ చుట్టుపక్కల పెద్ద భూములున్న ఇల్లు, రాజకీయాల్లో తిరిగే మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో దిగేవాడు. ఫోటోగ్రాఫర్లు వచ్చారో లేదో చూసుకుని ఆడవాళ్ల వెనక నిలబడి పిడికిలి ఎత్తేవాడు. కాసేపటికి జీపెక్కి పోయేవాడు. ఉద్యమంలో ఇటువంటివాళ్లు ఉండనే ఉన్నారు, దాచడమెందుకు?

కొత్త లెన్సుతో నేను తీసిన మొదటి ఫోటో అచ్చయింది. జమ్నక్క మీద ఫోకస్ పెట్టి తీశాను. పేపర్లో జమ్నక్క మసక, పటేల్ నిగనిగ. చెయ్యి కదిలిందేమో అనుకున్నాను. రెండోసారి కూడా అంతే. మూడోసారి పటేల్ మీసాలు ఒక్కో వెంట్రుకా కనిపించింది. ముందు కూర్చున్న ఆడవాళ్ల మొహాలు నీళ్లలో తడిసిన బొమ్మల్లా ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం జమ్నక్క నా దగ్గరికే వచ్చింది. పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఉంది.

"తమ్మీ, ఎండల కూసున్నది మేము. గొంతు వోయేదాక ఒర్రింది మేము. పేపర్ల జూస్తే మా మొకాలు బూడిద వూసినట్టున్నయి, పటేల్ మీసాలు లెక్కవెట్టొచ్చు. ఏంది, నీ కెమెరా గాయినె కొనిచ్చిండా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్ల పనిలో ఎవరూ నన్ను ఒకరి మనిషివని అనలేదు. కానీ ఆమె అంతటితో ఆగలేదు.

"తండాల మొగోళ్లు నవ్వుతున్నరు. గంత దూరం పోయి ఏం జేసిండ్రు, పేపర్ల ఎవ్వలు లేరు గదనే అంటున్నరు. ఇంక నేను ఏ మొకం వెట్టుకొని ఆడోళ్లను లేపుకరావాలె? నువ్వే జెప్పు."

ఆమెకు ఫోటో మోజు లేదు. పేపర్లో మొహం కనబడితే రేపు ఇంకో పదిమంది లేచి వస్తారు. కనబడకపోతే వచ్చేవాళ్లు కూడా రారు. అది అర్థమయ్యాక నాకు కోపం పోయి భయం పట్టుకుంది. నా ఫోటోలు తండా గుంపును కరిగిస్తున్నాయి, పటేల్‌ను పెంచుతున్నాయి.

రాజలింగం సారు

మా ఎడిషన్ ఇన్‌చార్జి రాజలింగం సారు. వార్త రాయడంలో ఉద్దండుడు, ఫోటో విషయంలో మాత్రం ఎవరైనా ఫోన్ చేసి మెచ్చుకుంటే అదే గొప్ప ఫోటో అనుకునే మనిషి. నేను లెన్సు తప్పు చేస్తోందని చెప్పాను. ఆయన బల్ల మీద పేపరు తిప్పి చూసి నవ్వాడు. పటేల్ మూడుసార్లు ఫోన్ చేసి శభాష్ అన్నాడట.

"లెన్సు ఖరాబైతే పటేల్ గంత మంచిగ ఎట్ల పడ్డడయ్యా?" అన్నాడు.

చెడ్డ బాస్ కాదాయన. ఒక్క మాట చెబుతాను, గుర్తుంచుకోండి. మీ పరికరం తప్పు చేస్తోందని మీకు అనుమానం వస్తే, ఆ తప్పువల్ల లాభపడేవాడు ఎవడో ఒకడు ఉంటాడు. వాడు మెచ్చుకుంటూనే ఉంటాడు. మెప్పును బట్టి పరికరం బాగుందనుకుంటే మునిగిపోతారు.

సరేనని జనగామలో మా ఇంటి డాబా మీద పరీక్ష పెట్టాను. నీళ్ల ట్యాంకు గోడకు పేపరు అంటించి, పట్టపగలు, లెన్సును వైడ్ కొసన పెట్టి తీశాను. అక్షరం అక్షరం సూది మొనలా వచ్చింది. లెన్సు బాగుందని నేనే తీర్పిచ్చేశాను.

ఆ పరీక్ష ఉత్త దండగ. ఎందుకో చెబుతాను, మీరు ఆ దండగ పని చేయకండి. ఎండలో అపర్చర్ చిన్నదవుతుంది. వైడ్ కొసన, చిన్న అపర్చర్‌లో దగ్గర నుంచి దూరం దాకా అంతా పదునుగానే కనిపిస్తుంది. ఫోకస్ ఎంత జారినా దాని కిందే దాక్కుంటుంది. పైగా చదునైన గోడ మీద అంటించిన పేపరుకు ముందూ లేదు, వెనకా లేదు. ఫోకస్ జారిందని తెలియాలంటే జారడానికి జాగా ఉండాలి కదా. పని చేసేది సాయంత్రం, పరీక్ష పెట్టింది మధ్యాహ్నం. తెలివితేటలు అట్లా ఏడ్చాయి.

అద్దాల మీద అనుమానం

లెన్సు బాగుంది, నా చెయ్యి బాగుంది, మరి తప్పెక్కడుంది? ఆలోచించి ఆలోచించి ఒక గొప్ప సిద్ధాంతం కనిపెట్టాను. లంబాడా ఆడవాళ్ల రవికలకు, పైటలకు అద్దాలు కుట్టి ఉంటాయి. అద్దం మీద ఫోకస్ పెడితే కెమెరా అద్దాన్ని చూడదు, అద్దంలో కనిపించేదాన్ని చూస్తుంది. దాని దూరం లెక్కేసుకుని వెనక్కి జారుతుంది. ఇది పచ్చి నిజం, కావాలంటే మీ ఇంట్లో అద్దం ముందు నిలబడి చూడండి. కాబట్టి జమ్నక్క అద్దాలే నా కెమెరాను మోసం చేస్తున్నాయని తేల్చేశాను.

తేల్చుకుని ఊరుకుంటే బాగుండేది. తర్వాతి ధర్నాకు పోయి, అక్కా, రేపటి నుంచి మీరు మామూలు చీరలు కట్టుకుని రండి, లేకపోతే అద్దాల మీద తువ్వాల కప్పుకోండి, అప్పుడు మొహాలు మంచిగా పడతాయి అని చెప్పాను. ఎంత నమ్మకంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

జమ్నక్క నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మా అవ్వ కట్టిన బట్టలివి. నీ డబ్బ కోసం మేము ఏశం మార్చుకోవాల్నా? నువ్వే నీ డబ్బ మార్చుకో పో."

వెనక్కి తిరిగి తమ భాషలో ఆడవాళ్లతో ఏదో అంది. అందరూ ఒక్కసారి నాకు వీపులు చూపించి కూర్చున్నారు. నేను ఏ పక్కకు పోతే ఆ పక్కకు వీపులు తిరిగాయి. వాళ్ల వెనక పటేల్ ఒక్కడే నా వైపు మొహం పెట్టి, పిడికిలెత్తి, చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. ఆ ఫోటో నేను తీయలేదు. ఉత్తచేతులతో బస్సెక్కాను.

విషయం రాజలింగం సారు దాకా పోయింది. కొన్నాళ్లు మానుకోట వద్దు, భూపాలపల్లి పోయి బొగ్గు గనుల సమ్మె చూసుకో, అక్కడ నీతో ఎవరికీ పేచీ లేదు అన్నాడు. బుజ్జగించినట్టే ఉంది గానీ తోలేసినట్టే.

భూపాలపల్లి గోడ

భూపాలపల్లిలో గని గేటు ముందు కార్మికులు బైఠాయించారు. సమ్మె కాబట్టి పని బట్టల్లో లేరు, కానీ పేపరు వాళ్లొచ్చారని హెల్మెట్లు పెట్టుకున్నారు. వాళ్లకు కొంచెం వెనగ్గా ప్రహరీ గోడ. దాని మీద సున్నంతో తెలంగాణ వచ్చేదాకా బొగ్గు పెళ్ల కదలదని రాసి ఉంది. ముందు కూర్చున్నాయన పేరు ఓదెలు. కాటారం వైపు ఊరు, మాటకారి. ఆయన హెల్మెట్ అంచు మీద ఫోకస్ పెట్టి, పొద్దు గూకుతుండగా తీశాను. కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూశాను.

ఓదెలు మసక. గోడ మీద సున్నం రాత మాత్రం గీత గీతా తెలుస్తోంది.

ఓదెలు తల వంచి తెరలోకి చూశాడు. "అన్నా, ఫోటో మాది తీసినవా, గోడది తీసినవా?" అన్నాడు.

ఆయన ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను. ఇక్కడ అద్దాల్లేవు. పటేల్ లేడు. తండా లేదు, పేచీ లేదు. గోడకు నాతో ఏ చుట్టరికమూ లేదు, అయినా గోడే పదునుగా పడింది. అంటే ఈ లెన్సు ఎవరి మనిషీ కాదు. ఎవరు వెనకుంటే వాళ్ల మనిషి!

అప్పుడు చేయాల్సిన పని చేశాను. ఓదెలును కదలొద్దని బతిమాలి, కెమెరాను ఒక రాయి మీద ఆనించి, ఈసారి వెనక తెర వెలిగించి, తెర మీద చూస్తూ ఫోకస్ చేశాను. తెర మీద చేసినప్పుడు ఆ కొలిచేవాడితో పని ఉండదు, పడుతున్న బొమ్మనే చూసుకుని కెమెరా సర్దుకుంటుంది. మెల్లగా చేస్తుంది కాబట్టి ఊరేగింపుల్లో పనికిరాదు గానీ నిజం చెబుతుంది. ఓదెలు కనుబొమల మీది పాత గాటుతో సహా పదునుగా పడ్డాడు. మళ్లీ కంటి దగ్గర పెట్టుకుని తీశాను. మళ్లీ గోడ.

లెన్సులోని గాజు బిళ్లలు మంచివే, నా చెయ్యి మంచిదే, కొలతలోనే తేడా. నాకు నవ్వూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి. ఏమైందన్నా అని ఓదెలు పరేషాన్ అయ్యాడు. ఏం కాలేదు, నా పరువు దొరికింది అన్నాను. ఆయనకు ఏమర్థమైందో గానీ అక్కడున్న అందరికీ చాయ్ చెప్పాడు.

బంతిలో దొరికిన కొలబద్ద

ఆ లెన్సును నగరంలో రిపేరుకు పంపొచ్చు. పంపితే ఎప్పుడొస్తుందో తెలియదు, ఉద్యమం ఆగదు. మా కెమెరా మెనూలో ఒక సర్దుబాటు ఉంది. ఈ లెన్సు పెట్టినప్పుడల్లా ఫోకస్‌ను ఇంత ముందుకు లాగు, ఇంత వెనక్కి జరుపు అని అంకె పెట్టి చెప్పొచ్చు. కానీ ఎంత పెట్టాలో తెలియాలంటే కొలబద్ద కావాలి. కొంతమంది బల్ల మీద స్కేలు ఏటవాలుగా పెట్టి కొలుస్తారు. దగ్గర నుంచి తీసే లెన్సుకు అది సరే. నేను తీసేది బల్ల మీది స్కేలును కాదు, రోడ్డు మీది మనుషుల్ని. ఏ దూరంలో పని చేస్తామో ఆ దూరంలో, ఏ వెలుతురులో పని చేస్తామో ఆ వెలుతురులో, సమానమైన ఎడంతో వరసగా పేర్చిన వస్తువులు కావాలి. అటువంటివి ఎక్కడ తేవాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.

ఈలోగా జనగామ హైవే మీద వంటావార్పు వచ్చింది. చూడనివాళ్లకు చెబుతున్నాను, బండ్లు ఆపి రోడ్డు నడిమధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలిపేవాళ్లం. పొద్దు వాలేసరికి అన్నం, సాంబారు దిగింది. జనం తారు రోడ్డు మీద బంతిగా కూర్చున్నారు. అందరి ముందూ విస్తరాకులు, ఒడిలో ప్లకార్డులు. నేను బంతి కొసన నిలబడి కెమెరా ఎత్తాను, అట్లాగే దించాను.

నా ముందు ఒకరి తర్వాత ఒకరు, సమానమైన ఎడంతో, నేను పని చేసే దూరంలో, నేను పని చేసే వెలుతురులో కూర్చుని ఉన్నారు. ఒడిలో నల్లటి పెద్ద అక్షరాలున్న ప్లకార్డులు. ఇంతకంటే మంచి కొలబద్ద ఏ కంపెనీ అమ్ముతుంది?

ప్లకార్డులు కొంచెం ఎత్తి నా వైపు తిప్పమని అడిగాను. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను, కెమెరా ఒకర్ని చూసి ఇంకొకర్ని తీస్తోంది, సరిచేయాలి అని. బంతిలో మూడో మనిషి బుచ్చవ్వ, కూరగాయలు అమ్మే ముసలావిడ. ఆమె ప్లకార్డు మీద ఫోకస్ పెట్టి తీశాను. ఐదో ప్లకార్డు మీద అక్షరాలు పదునుగా వచ్చాయి. బుచ్చవ్వకు తెర చూపించాను.

"నన్ను జూసి గాళ్లను వట్టుకున్నదా? గిది ఢిల్లీ కెమెరా బిడ్డా. ముంగట కూసున్నోళ్లు కనవడరు దీనికి" అంది.

బంతి అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. కెమెరా బుచ్చవ్వ దగ్గరికి వచ్చేదాకా ఎవ్వరూ ముద్ద పెట్టొద్దని అవతల నుంచి ఎవరో కేకేశారు. వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకుని ఆగిపోయారు. వేడి అన్నం ముందు పెట్టుకుని ఇంతమంది నా కోసం ఆగడమేమిటి!

అంకెను మైనస్ వైపు జరిపాను. మైనస్ అంటే ఫోకస్ మన వైపు వస్తుంది. ప్రతిసారీ లెన్సును ముందు చేత్తో దూరానికి తిప్పేసి, అప్పుడు కొత్తగా ఫోకస్ చేయనిచ్చాను. లేకపోతే అది ఉన్నచోటే ఉండి మనల్ని మభ్యపెడుతుంది. ఒక్క ఫోటోతో తీర్పివ్వకుండా ఒక్కో అంకెకు కొన్ని తీశాను, ఎందుకంటే ఆటోఫోకస్ ప్రతిసారీ గీత గీసినట్టు ఒకే చోట ఆగదు. నాలుగో ప్లకార్డు దగ్గరికి వచ్చిందని చెబితే బంతి చప్పట్లు కొట్టింది. ఇంకొంచెం జరిపితే బుచ్చవ్వను దాటి రెండో ప్లకార్డు మీదికి పోయింది. హరే, ఎక్కువైంది ఎక్కువైంది అని గోల చేశారు. కొంచెం వెనక్కి తెచ్చాను. తీశాను. చూశాను. మళ్లీ తీశాను.

బుచ్చవ్వ ప్లకార్డు మీద జై తెలంగాణ. అక్షరాల అంచులు, అట్ట మీది పీచు, పట్టుకున్న వేళ్ల ముడతలు, అన్నీ ఉన్నాయి. వరసగా ఎన్నిసార్లు తీసినా బుచ్చవ్వే. తెర ఎత్తి చూపించాను. ఆ రోజు హైవే మీద ఎగసిన నినాదం నా లెన్సు కోసమని నేను పొంగిపోయాను, ఇప్పటికీ అట్లాగే అనుకుంటాను. తర్వాత బుచ్చవ్వ పక్కనే కూర్చుని తిన్నాను. చల్లారిన అన్నం, కారం ఎక్కువైన సాంబారు, ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

ఇక్కడ ఒక చిక్కుంది, అదీ చెప్పాలి. మా కెమెరాలో ఒక లెన్సుకు ఒకటే అంకె. జూమ్‌కు రెండు కొసలుంటాయి, రెండింటికీ ఒకే తేడా ఉండదు. నేను రెండో కొసకు సరిచేశాక వైడ్ కొసన చూస్తే ఫోకస్ కొంచెం ముందుకొచ్చింది. అయినా వదిలేశాను. వైడ్ కొసన పదును లోతుగా ఉంటుంది, ఆ చిన్న తేడాను అదే కడుపులో పెట్టుకుంటుంది. రెండో కొసన మాత్రం క్షమాపణ ఉండదు. రెండూ సరిగ్గా కావాలని మధ్యలో అంకె పెట్టేవాళ్లను చూశాను, వాళ్లకు రెండు కొసలూ చెడతాయి. మీ బతుకు ఏ కొసన నడుస్తుందో తెలుసుకుని దానికి సరిచేయండి.

ఒక్క ఫోటో

మర్నాడే మానుకోట పోతానని రాజలింగం సారుకు చెప్పాను. అక్కడ మళ్లీ గొడవైతే నన్ను ఫీల్డు నుంచి తీసేస్తానన్నాడు. తీసేయమన్నాను. అంత ధైర్యం నాకు ముందూ తర్వాతా రాలేదు.

స్టేషన్ ముందు తండా ఆడవాళ్లు పలచబడ్డారు. ముందు వరస నిండలేదు. జమ్నక్క గొంతు కూడా తగ్గింది. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది. ఎదురుగా పోయి నిలబడ్డాను. అక్కా, తప్పు మీ బట్టలది కాదు, నా డబ్బాది, సరిచేసుకుని వచ్చిన అని చెప్పాను.

"ఒక్కటి తీయి. అండ్ల గూడ గాయినె వడితే, మళ్ల మా ముంగట కనవడకు" అంది.

ఇంతలో జీపు ఆగింది. పటేల్ దిగి, ఎప్పటిలాగే ఆడవాళ్ల వెనక నిలబడి, నన్ను చూసి తల ఊపి, పిడికిలెత్తాడు. నా మనిషి వచ్చాడనుకున్నాడు పాపం. పొద్దు వాలుతోంది. అపర్చర్ పూర్తిగా తెరిచాను, రింగు రెండో కొసకు తిప్పాను. జమ్నక్క ముక్కుపుల్ల మీద గురిపెట్టాను. ఆమె నినాదం అందుకుంది, మెడనరాలు ఉబ్బాయి, అద్దాలు ఒక్కసారి తళుక్కుమన్నాయి. నొక్కాను.

తెర చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. కెమెరాను అట్లాగే ఆమె చేతికిచ్చాను. ఆమె కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. పక్కనున్న ఆడవాళ్లను పిలిచింది. తలలన్నీ తెర మీద మూగాయి. జమ్నక్క తన ముక్కుపుల్లను ఒకసారి తడుముకుంది. మొహం అంతా విచ్చుకుంది.

"తమ్మీ, నా ఎనుక గీ తెల్లగ మస్కమస్కగున్నది ఏంది?" అంది.

పటేల్ అన్నాను. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగక కింద కూర్చుండిపోయింది. ఆ నవ్వు వరస చివరిదాకా పాకింది. పటేల్‌కు ఎందుకో తెలియక ఆయనా కలిసి నవ్వాడు.

మర్నాడు ఆ ఫోటో మొదటి పేజీలో పడింది. వెంట్రుకలు, చెమట, రవిక మీది అద్దాలు, తెరిచిన నోరు, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి. తండాలో ఇంటింటికీ ఆ పేపరు తిరిగిందట. నవ్విన మగవాళ్లే దాన్ని గోడకు అంటించారట. తర్వాతి ధర్నాకు ఆటోలు చాలక ట్రాక్టర్లు కట్టుకుని వచ్చారు. ముందు వరస రోడ్డు అవతలి దాకా పోయింది. నా వైడ్ కొసన కూడా పట్టలేదు. రాష్ట్రం వచ్చిన రోజు వాళ్లు అదే స్టేషన్ ముందు ఆడుతుంటే, అదే లెన్సుతో, అదే అంకెతో తీశాను. ఒక్క మొహం కూడా మసకబారలేదు.

పిల్లలూ, సరిచేసిన లెన్సు సరిగ్గా కుదిరిందో లేదో ఎట్లా తెలుస్తుందని మీరడగొచ్చు. నాకు ఆ మొదటి పేజీ ఫోటో పడిన పొద్దునే తెలిసిపోయింది. చాయ్ తాగుతుంటే రాజలింగం సారు ఫోన్ చేశాడు. గొంతులో కంగారుంది.

"యాదగిరీ, పటేల్ ఫోన్ జేసిండు. నీ కెమెరా ఖరాబైనట్టున్నదట. జర రిపేరు చేయించుమంటున్నడు."

"చేయించిన సార్," అన్నాను. "గందుకే ఫోన్ జేసిండు."